ఊలాంగ్ తేడా కొడుతోందా? తప్పు ఆకుదా, నీళ్లదా, మన చేతిదా

మాది బరంపురం, ఇంట్లో తెలుగు వీధిలో ఒడియా, టీ అంటే మాత్రం ఎవరింట్లోనైనా అల్లం దంచి పాలు పోసి మరిగించిందే. అలాంటి ఇంట్లో నేను ఆన్‌లైన్‌లో ఊలాంగ్ (గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్య రకం) తెప్పించి పెడితే మా అత్త ఒక గుక్క తాగి "ఏటమ్మా ఇది, తోటకూర వార్చిన నీళ్లలాగున్నాయి" అంది. నాకు ఉక్రోషం వచ్చింది, ఆ సంగతి చివర్లో చెప్తాను.

ముందు ఒక టెస్ట్. తైవాన్ టీ పోటీల్లో ఉండలు చుట్టిన ఊలాంగ్‌ని 3 గ్రాముల ఆకు, 150 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు, 6 నిమిషాలు, ఈ లెక్కన నానబెట్టి చూస్తారు. తాగడానికైతే ఇది స్ట్రాంగే, కానీ లోపాలు దాక్కోవు. ఆ కప్పు వేడిగా ఉన్నప్పుడు ఒకసారి, చల్లారాక ఒకసారి రుచి చూడండి, వేడిలో తెలియని పులుపూ చేదూ చల్లారితే బయటపడతాయి.

చేదు, నాలుక పట్టేసే వగరు

ముందు మన చేతినే అనుమానించాలి. ఉండల ఊలాంగ్ స్పూన్‌తో కొలిస్తే మోసపోతాం, చూడ్డానికి కొంచమే ఉంటుంది గానీ బరువు ఎక్కువ, విచ్చుకుంటే కప్పంతా నిండిపోతుంది. చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోండి. మూత ఉన్న చిన్న కప్పులో పెడితే 100 మిల్లీలీటర్లకి 5 గ్రాములు వేసి మొదటిసారి 30 సెకన్లలో వంపేయండి, తర్వాత అదే ఆకుకి మళ్లీ నీళ్లు పోసిన ప్రతిసారీ టైము కొంచెం కొంచెం పెంచండి. అయినా చేదుందా? మింగాక గమనించండి, ఉసిరికాయ తిని మంచినీళ్లు తాగినట్టు గొంతులో తీపి తిరిగొస్తే అది మంచి ఆకే, చేదు నాలుక మీదే కూర్చుని కదలకపోతే ఆకే నాసిరకం, దానికి మనం చేసేదేం లేదు.

చప్పగా, వాసనే లేదు

నీళ్లు. మా వీధి బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటాయి, వాటితో ఏ టీ అయినా ఒకటే రుచి, అలాగని ఆర్‌ఓ మరీ పీల్చేసిన నీళ్లతోనూ టీ పలచగా తేలిపోతుంది. ఒక బాటిల్ వాటర్ కొని అదే ఆకుతో పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది. ఫ్లాస్కులో గంట సేపున్న నీళ్లు పోసి ఉండలు విచ్చుకోలేదంటే కుదరదు, కళపెళా మరిగినవే పోయాలి.

మాడు వాసన

కొత్తగా కాల్చిన ఆకయ్యుంటుంది, చైనాలోని వూయీ కొండల రకాల్లో ఇది మామూలే. డబ్బాలో మూడు నాలుగు వారాలు వదిలేస్తే పొగ దిగుతుంది. అప్పటికీ దిగక, తడిసిన ఆకు నల్లగా గట్టిగా ఉండి విచ్చుకోకపోతే మాత్రం పాత సరుకుని మాడ్చి అమ్మినట్టే అనుకుంటాను.

ముక్కిన వాసన, ఇంకేదో వంటింటి వాసన

ఇది మా దగ్గర పెద్ద జబ్బు. గోపాల్‌పూర్ సముద్రం పక్కనే, వానాకాలం ఉప్పు డబ్బాలోనే కారిపోతుంది, ఇక టీ ఏం ఆగుతుంది. పైగా టీ ఆకు పక్కనున్న వాసనల్నీ లాగేస్తుంది, నేను అప్పడాల డబ్బా పక్కన పెట్టి పచ్చి ఇంగువ టీ తాగాను. ఉత్త చెమ్మే అయితే పొడి మూకుట్లో సన్నసెగ మీద రెండు మూడు నిమిషాలు వేడి చేస్తే కొంత తేరుకుంటుంది, ఇంగువ పడితే పారేయడమే. చిన్న ప్యాకెట్లు కొనండి, గాలి చొరని డబ్బాలో పెట్టండి.

ప్యాకెట్ విప్పగానే గుప్పుమనే పాల వాసన

జిన్ షువాన్ అని 1981లో తైవాన్ విడుదల చేసిన రకం ఉంది, దానికి సహజంగానే లేత వెన్న వాసన ఉంటుంది, లేతగా. గంజాం వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, మొగలిపువ్వు వాసనకీ మిఠాయిల్లో చల్లే ఎసెన్స్‌కీ తేడా మన ముక్కుకి తెలుసు. పొడి ఆకు గుప్పుమని, రెండు మూడుసార్లు నీళ్లు పోసేసరికి ఆ వాసన మాయమై ఉత్త నీళ్లు మిగిలితే అది పైనుంచి కలిపిందే.

పసరు

ఇప్పుడు అత్త మాట. ఊలాంగ్ అంటే సగం దారిలో ఆపిన ఆకు, గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్య, కోశాక వాడనిచ్చి కదిపి అంచులు నలిగేలా చేస్తారు, ఆ నలిగిన చోట ఎర్రబడుతుంది. ఆకు అలా వాడిపోవడం సరిగ్గా జరక్కపోతే లోపల నీరు చిక్కుకుపోయి పసరు కొడుతుంది. నేను తడిసిన ఆకుని తెల్ల ప్లేటులో పరిచి చూశాను, ఆకంతా ఒకే పచ్చ, ఎక్కడా ఎర్ర అంచు లేదు, సగం ముక్కలే. (లేతగా చేసే రకాల్లో అంచు ఎరుపు బాగా తక్కువగా ఉంటుంది, కొన్నిట్లో అంచులే దులిపేస్తారు, కాబట్టి ఒక్క రంగు చూసి తీర్పు చెప్పకండి, రుచితో కలిపి చూడండి.) అత్త ముక్కు కరెక్టే. మిగిలిన ఆకుని మూకుట్లో సన్నసెగన కాసేపు వేయించాను, పసరు కొంత తగ్గింది, పూల వాసన మాత్రం ఎక్కడినుంచి వస్తుంది, మొదట్నుంచీ లేనిదే కదా.