మొదటి రిమోట్ హెలికాప్టర్ ఎలా ఎంచుకోవాలి?

పెట్టె మీద బొమ్మ చూసి హెలికాప్టర్ కొనకండి. నేను అలాగే కొన్నాను. మూరెడు పొడవు, మెరిసే ఎర్రరంగు, తోక చివర లైటు. మొదటి సాయంత్రమే పైకి లేచి, ఏ స్టిక్ ఎటు నెట్టానో నాకు అర్థమయ్యేలోపు బీరువా తలుపుని గుద్దుకుంది. ఒక రెక్క విరిగింది, మధ్యలో ఉండే ఇనుప కడ్డీ వంగింది. చిన్న వస్తువులే, కానీ ఆ మోడల్‌కి విడిభాగాలు ఎక్కడా అమ్మరని అప్పుడు తెలిసింది. గాల్లోకి ఎక్కాల్సింది కాస్తా అటకెక్కింది.

కొత్తవాళ్ల చేతిలో హెలికాప్టర్ పడుతుంది, ఒకసారి కాదు, పదిసార్లు పడుతుంది. అందుకని కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఇది పడితే ఏమవుతుంది అని.

1. ఎక్కడ ఎగరేస్తారో ముందు తేల్చుకోండి

గదిలోనా, పెద్ద హాల్లోనా, ఆరుబయటా? ఇది తేలకుండా మిగతావి తేలవు. అరచేతిలో పట్టే బుల్లి హెలికాప్టర్లకి ఫ్యాన్ గాలి కూడా తుఫానే. బయట ఎగరేయాలన్న ఆశ ఉన్నా, నేర్చుకునేది మాత్రం గాలి కదలని చోటే. బరువు 100 గ్రాముల లోపు ఉంటే మంచిది. తేలికైనది గోడకి తగిలినా చాలాసార్లు ఏమీ కాకుండా కిందపడుతుంది. బరువైనది విరుగుతుంది, లేదా విరగ్గొడుతుంది.

2. రెక్కల అమరిక చూడండి

అసలు ఎంపిక ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

పైనున్న రెక్కలు ఒకవైపు తిరుగుతుంటే, కింద ఉన్న ఒళ్లు రెండోవైపు తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపడానికే మామూలు హెలికాప్టర్‌కి తోక చివర చిన్న ఫ్యాన్ ఉంటుంది. కోయాక్సియల్ రకంలో ఆ పని వేరేగా జరుగుతుంది. ఒకదానిపైన ఒకటి రెండు జతల రెక్కలు వ్యతిరేక దిక్కుల్లో తిరుగుతాయి, ఒకదాని తిప్పుడుని ఇంకోటి కొట్టేస్తుంది. అన్నిటికన్నా పైన, చివర్లకి చిన్న గుండ్లు బిగించిన అడ్డకడ్డీ ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఒళ్లు పక్కకి ఒరిగినా ఆ కడ్డీ వెంటనే ఒరగదు, రెక్కల్ని మళ్లీ సమంగా లాక్కొస్తుంది. స్టిక్ వదిలేసినా హెలికాప్టర్ బుద్ధిగా సర్దుకునేది అందుకే. సైమా ఎస్107జీ అనే మోడల్ ఈ రకమే. దాని తోక మీద ఫ్యాన్ పడుకున్నట్టుగా ఉంటుంది. తోకని పైకెత్తి, కిందికి దించి ముందుకీ వెనక్కీ నడపడానికి తప్ప ఇంకెందుకూ కాదు. పక్కకి జరగడం దానికి రాదు. పిల్లలకైనా, గదిలో సరదాకైనా ఇది చాలు. ఆరుబయట మాత్రం పిల్లగాలి వీచినా ఎటు తీసుకుపోతే అటు పోవడమే.

రెండోది, ఒకే జత రెక్కలు, తోక ఫ్యాన్, నాలుగు చానళ్లు (రిమోట్‌తో విడివిడిగా నడిపే కదలికలు) ఉన్న ఫిక్స్‌డ్ పిచ్ రకం. రెక్కల వంపు, అంటే పిచ్, మారదు, మోటారు వేగం పెంచితే లేస్తుంది, తగ్గిస్తే దిగుతుంది. డబ్ల్యూఎల్‌టాయ్స్ వీ911 ఇలాంటిదే. నిజంగా ఎగరేయడం నేర్చుకోవాలనుంటే నా ఓటు దీనికే. మొదటి వారం ఏడిపిస్తుంది, తర్వాత చెప్పినమాట వింటుంది.

మూడోది కలెక్టివ్ పిచ్. తిరుగుతూండగానే రెక్కల వంపు మారుతుంది, అవసరమైతే ఎదురువంపుకీ పోతుంది. తలకిందులుగా ఎగిరే వీడియోల్లో మీరు చూసేది దీన్నే. స్టిక్ కంగారుగా కిందికి లాగితే అది దిగదు, నేలలోకి దూకుతుంది. 'ఎలాగూ తర్వాత కొనాల్సిందేగా, ఇప్పుడే కొనేద్దాం' అని మనసు ఊరిస్తుంది, లొంగకండి. '450' అని సైజు పేరున్న మోడళ్లలో ఒక్కో రెక్క దాదాపు 325 మి.మీ. ఉంటుంది. తిరుగుతున్నప్పుడు అది బొమ్మ కాదు, కత్తి.

3. చానళ్లు లెక్కపెట్టండి

రెండు చానళ్లంటే పైకీ కిందికీ, కుడి ఎడమలకి తిరగడం. మూడోది ముందుకీ వెనక్కీ. నాలుగోది పక్కలకి జరగడం. పెట్టె మీద 'మూడున్నర' అని కనిపిస్తే మూడనే అనుకోండి, ఆ అరతో కొత్త దిక్కేమీ రాదు.

4. రిమోట్

ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ అయితే టీవీ రిమోట్‌లాగే ఎదురుగా ఉండాలి, ఎండలో మాట వినదు. 2.4 గిగాహెర్ట్జ్ రేడియోది తీసుకోండి. స్టిక్‌ల అమరికలో మోడ్ 2 అంటే ఎత్తు పెంచే స్టిక్ ఎడమచేతిది, మోడ్ 1 అయితే కుడిచేతిది. ఒకటి ఎంచుకుంటే దానికే కట్టుబడండి, వేళ్లకి పడ్డ అలవాటు మార్చడం నరకం. 6 యాక్సిస్ గైరో (ఒరిగినా, తిరిగినా పసిగట్టి దానంతటదే సర్దే పరికరం) ఉంటే మేలు. ఎత్తుని దానంతటదే పట్టి ఉంచే సదుపాయం ఉన్నవి కూడా దొరుకుతున్నాయి. హాయిగానే ఉంటుంది కానీ దానితో ఎత్తు చూసుకునే చేయి ఏమీ నేర్చుకోదు. ఆపేసే వీలున్నది చూడండి.

ఆర్‌టీఎఫ్ (రెడీ టు ఫ్లై) అని రాసుంటే అన్నీ పెట్టెలోనే ఉంటాయి. బీఎన్‌ఎఫ్ (బైండ్ అండ్ ఫ్లై) అంటే రిమోట్ విడిగా కొనాలి. మీకు మొదటిదే కావాలి.

5. డబ్బు కట్టేముందు విడిభాగాలు వెతకండి

మోడల్ పేరు కొట్టి రెక్కలు, తోక రెక్క, మెయిన్ షాఫ్ట్ (మధ్యలో ఉండే కడ్డీ), పెద్ద పళ్లచక్రం విడిగా అమ్ముతున్నారో లేదో చూడండి. రెక్కలు కూడా విడిగా దొరకకపోతే ఆ మోడల్ వదిలేయండి, ఎంత అందంగా ఉన్నా సరే. దొరికితే రెండు జతల రెక్కలు హెలికాప్టర్‌తోపాటే తెప్పించుకోండి.

పడిన ప్రతిసారీ బ్యాటరీ తీసేసి, రెక్కల్ని వేలితో మెల్లగా తిప్పుతూ కంటి ఎత్తులో పెట్టి చూడండి. పైభాగం ఒక చోట నిలవకుండా ఊగుతూ తిరిగితే షాఫ్ట్ వంగినట్టే. దాన్ని మార్చకుండా ఎగరేస్తే వణుకుడు మొదలవుతుంది, గైరోకి పిచ్చెక్కుతుంది.

6. బ్యాటరీ

చిన్నవాటిలో ఉండేది ఒక్క సెల్లు లిథియం పాలిమర్ బ్యాటరీ. మామూలుగా 3.7 వోల్టులు, నిండా చార్జ్ అయితే 4.2. ఒక చార్జ్‌కి ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఎగిరితే సంతోషించండి. లోపలే బిగించేసినదైతే ఆ కాసేపటి ఆట కోసం మళ్లీ చాలాసేపు కాచుకోవాలి, అందుకే ఊడదీసి మార్చుకునే రకం కొని, అదనంగా రెండు బ్యాటరీలు ఉంచుకోండి. స్టిక్ పూర్తిగా తోసినా ఎత్తు తగ్గుతోందంటే వెంటనే దింపేయండి, పూర్తిగా పిండితే బ్యాటరీ పాడవుతుంది. వేడిగా ఉన్నప్పుడు చార్జింగ్ పెట్టకండి, పెట్టి బయటికి వెళ్లిపోకండి. ఉబ్బినదాన్ని మళ్లీ వాడకండి.

7. కొన్నాక మొదటి పది నిమిషాలు

తోక మీవైపు ఉండేలా నేలమీద పెట్టి, రెండు మూడు మీటర్లు వెనక్కి నిలబడండి. చీలమండ ఎత్తులో అది తాగినవాడిలా తూలుతుంది. రెక్కలు కిందికి తోసిన గాలి నేలకి తగిలి మళ్లీ దానిమీదికే వస్తుంది కాబట్టి. భయపడి దించేయకండి, నడుము ఎత్తుకి తీసుకెళ్తే కుదుటపడుతుంది. ఒకేచోట నిలపడం వచ్చేదాకా తిప్పుళ్లు వద్దు. గోడకి తగలబోతోందనిపిస్తే ముందు ఎత్తు స్టిక్ సున్నాకి తెచ్చేయండి. ఆగిన రెక్క వంగుతుందేమో, తిరిగే రెక్క విరుగుతుంది.

ముక్కు మీవైపు తిరిగినప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. నాలుగు చానళ్ల దానికి నేను పాటించే కిటుకు ఒకటుంది. అది ఏ పక్కకి జారుతోందో, పక్కకి నడిపే స్టిక్‌ని ఆ పక్కకే నెట్టండి, ఒరిగిన వైపు కింద చేయి పెట్టి లేపుతున్నట్టు.