ఆలోచింపజేసే చరిత్ర పాఠం - 3: రసీదు రాసిచ్చిన తిరుగుబాటు

పాత ప్రశ్నపత్రం ఒకటి తీసి, పుస్తకంలో వేలు పెట్టి జవాబు చూపించగల ప్రశ్నల పక్కన టిక్కు పెట్టమని పోయిన పాఠంలో చరిత్ర టీచర్లైన మీకు చెప్పాను. పెట్టినవాళ్లకు పత్రం నిండా టిక్కులే కనబడి ఉంటాయి. "రంప తిరుగుబాటుకు (1922లో అల్లూరి సీతారామరాజు నడిపినది) కారణాలు రాయండి" అన్నదీ ఆ బాపతే. చూడటానికి పెద్ద ప్రశ్న, కానీ గైడులోని ఐదు పాయింట్లు దించేస్తే ఫుల్ మార్కులు. ఈసారి ఆ పాఠాన్నే తీసుకుని కొత్తగా కడదాం.

మొదటి పీరియడ్‌లో కారణాల జోలికి వెళ్లకండి. ఒక్క సంఘటన చెప్పండి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మొత్తం 26 తుపాకులు చేతికొచ్చాయి. తీసుకెళ్తున్న ఆయుధాల లెక్క కాగితం మీద రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లాడు రాజు. అక్కడ ఆగి అడగండి: "ఎత్తుకెళ్లేవాడు రసీదు ఎందుకు రాసిస్తాడు?"

కాసేపు ఎవరూ నోరు విప్పరు. మీరూ విప్పకండి, టీచర్లకు అన్నిటికంటే కష్టమైన పని ఇదే. తర్వాత ఒకరు "భయం లేదని చూపించడానికి" అంటారు. "కానిస్టేబుళ్లే అమ్ముకున్నారని పైవాళ్లు అనుమానపడకుండా" అని ఇంకొకరు, "ఇది దొంగతనం కాదు, యుద్ధం అని చెప్పడానికి" అని మరొకరు అనొచ్చు. ఏది కరెక్టో తేల్చేయకుండా, "నువ్వన్నది నిజమైతే ఆ తర్వాతి సంఘటనల్లో ఏం కనబడాలి?" అని తిప్పి అడగండి. యుద్ధం అన్న పిల్ల, ఎవరిని కొట్టారో ఎవరిని వదిలేశారో వెతకాలి. అప్పుడు దామనపల్లి ఘాట్ సంగతి అందించండి. సెప్టెంబరు 24న అక్కడ స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. ముందు నడిచిన భారతీయ సిపాయిలను మాత్రం పోనిచ్చారు.

రెండో పీరియడ్‌లో అసలు ప్రశ్న బోర్డు మీద రాయండి: "గూడెం కొండల జనం రాజు వెంట నడిచింది స్వరాజ్యం కోసమా, పోడు (అడవి నరికి, కాల్చి చేసే కొండ సాగు) కోసమా?" క్లాసును గుంపులు చేసి, ఒక్కో గుంపుకు ఇలాంటి ఆధారాలు రాసిన చీటీలు ఇవ్వండి. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు సాగును కట్టడి చేసింది. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి కొండవాళ్లచేత సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. రాజు ఖద్దరు కట్టాడు, తాగుడు మానమన్నాడు, తగాదాలు పంచాయతీల్లో తేల్చుకోమన్నాడు.

ఒక చీటీ మాత్రం దాచి ఉంచండి. పిల్లలు ఒక నిర్ణయానికి వచ్చేశారనిపించాక తీయండి: "రంప ప్రాంతంలో 1879లోనే పెద్ద తిరుగుబాటు జరిగింది. రాజు పుట్టింది 1897లో." ఆ ఒక్క చీటీతో గది వేడెక్కుతుంది. "అయితే రాజు లేకపోయినా జరిగేదే" అని ఒక గుంపు. "మరి మూడు రోజుల్లో మూడు స్టేషన్లు కొట్టే ప్లాన్ ఎవరు వేశారు?" అని ఇంకో గుంపు. నాకైతే రెండో గుంపు మాటే బలంగా కనిపిస్తుంది, కానీ ఆ సంగతి క్లాసులో బయటపెట్టను. సార్ ఎటు ఉంటే అటే మార్కులని పిల్లలకు బాగా తెలుసు.

ఇక పరీక్ష. బోర్డు మీది ప్రశ్ననే పేపర్లో ఇచ్చారంటే నిన్నటి చర్చ కొత్త బట్టీ అయిపోతుంది. కొంచెం పక్కకు జరపండి: "'రాజు లేకపోతే 1922 తిరుగుబాటు జరిగేదే కాదు.' ఈ మాటతో ఎంతవరకు ఏకీభవిస్తారు? రెండు ఆధారాలు చూపండి. మీ వాదనకు అడ్డొచ్చే ఆధారం ఒకటి తీసుకుని దానికి జవాబివ్వండి." ఎనిమిది మార్కులు. అభిప్రాయం స్పష్టంగా చెబితే ఒకటి, ఆధారాన్ని వాదనకు ముడిపెడితే నాలుగు, అడ్డొచ్చేదాన్ని ఎదుర్కొంటే మూడు.

"1882లో అటవీ చట్టం వచ్చింది, కాబట్టి గిరిజనులు తిరగబడ్డారు" అని ఒక జవాబు వచ్చిందనుకోండి. తప్పేమీ లేదు, కానీ మధ్యలో 40 ఏళ్ల ఖాళీ ఉంది. ఇన్నాళ్లు ఆగి అప్పుడే ఎందుకు తిరగబడ్డారన్నది చెప్పలేదు. ముడి పడలేదు కాబట్టి నేను మూడుకు మించి వేయను. "చట్టం పాతదే, రోడ్డు పని బాధ కొత్తది, ఈ రెండిటినీ రాజు ఒక దారిలో పెట్టాడు" అని రాసిన బిడ్డ తేదీ ఒకటి తప్పు రాసినా ఆరు వేస్తాను. తేదీలకు బిట్ పేపర్ ఎలాగూ ఉంది.

ఒక హెచ్చరిక: మొదటిసారి జవాబులు పొట్టిగా, బెరుగ్గా వస్తాయి. పేపర్లు దిద్దడానికీ రెట్టింపు టైం పడుతుంది. అందుకే ముందు ఒక్క ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలో, ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి.

వచ్చే పాఠం లోపు మీ పని: ఈ టర్మ్ సిలబస్ నుంచి ఒక పాఠం ఎంచుకుని, "ఎందుకు ఇలా చేశారు?" అని పిల్లలు అడిగేలాంటి చిన్న సంఘటన ఒకటి, చివరిదాకా దాచి ఉంచే చీటీ ఒకటి సిద్ధం చేసుకోండి. నాలుగో పాఠంలో వాటితో మార్కుల పట్టిక తయారుచేద్దాం.