లార్డ్ హోవ్ దీవిలో పక్షులను, పగడాలను ఒకే ట్రిప్‌లో చూడటం ఎలా?

ఆస్ట్రేలియా తూర్పు తీరానికి సుమారు 600 కిలోమీటర్ల దూరంలో, టాస్మన్ సముద్రంలో ఉంటుంది లార్డ్ హోవ్ దీవి. దాదాపు 70 లక్షల ఏళ్ల కిందటి అగ్నిపర్వతం అరిగిపోగా మిగిలిన భాగం ఇది. పొడవు 11 కిలోమీటర్లే. దక్షిణాన రెండు పెద్ద కొండలు, పడమట పగడాల గట్టు, ఆ గట్టు లోపల నిశ్చలమైన లగూన్, అంటే లోతు తక్కువ ఉప్పునీటి మడుగు. సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో ఉన్న మనవాళ్లు ఒక వారం సెలవు దొరికితే తప్పకుండా వెళ్లాల్సిన చోటు. దీవి న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోదే కాబట్టి, మన దేశం నుంచి వెళ్లేవాళ్లకు ఆస్ట్రేలియా వీసా ఉంటే చాలు.

ముందు నెల ఎంచుకోండి

ట్రిప్ బాగుండటం, బాగుండకపోవడం ఇక్కడే తేలిపోతుంది. ఎర్రతోక ట్రాపిక్‌బర్డ్‌లు అనే సముద్రపక్షులు సెప్టెంబర్ నుంచి మే వరకు ఉంటాయి. ప్రావిడెన్స్ పెట్రెల్‌లు అనే మరో రకం సముద్రపక్షులు మార్చిలో వచ్చి నవంబర్ దాకా ఉంటాయి. నీళ్లు వెచ్చగా ఉండేది అక్కడి వేసవిలో, అంటే డిసెంబర్ నుంచి ఏప్రిల్ వరకు. ఈ మూడూ కలిసేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. క్రిస్మస్ సెలవుల్లో వెళ్తే ఈత బాగుంటుంది గానీ పెట్రెల్‌లు కనిపించవు. నన్నడిగితే ఏప్రిల్ మొదటి వారాలే మేలు.

గది దొరికాకే టికెట్

దీవిలో ఒకేసారి 400 మంది సందర్శకులనే ఉండనిస్తారు. టెంట్ వేసుకోవడానికి వీల్లేదు. అందుకే చాలా నెలల ముందే గది మాట్లాడుకుని, ఆ తేదీలకు విమానం బుక్ చేయండి. సిడ్నీ నుంచి రెండు గంటల ప్రయాణం. విమానం చిన్నది, సామాను బరువు పరిమితి తక్కువ. బైనాక్యులర్స్, నీళ్లలో చూసేందుకు వాడే మాస్క్ మాత్రం సొంతవి తీసుకెళ్లండి. ఫిన్స్ (ఈతకు కాళ్లకు తొడిగే రెక్కలు), వెట్‌సూట్ (ఒంటికి చలి తగలనివ్వని ఈత దుస్తులు) అక్కడ అద్దెకు దొరుకుతాయి.

సర్దుకునేటప్పుడు బూట్ల అడుగున మట్టి, గింజలు లేకుండా బాగా కడగండి. 1918లో ఒడ్డుకు తాకిన ఓడ నుంచి ఎలుకలు దిగి, అక్కడ తప్ప మరెక్కడా లేని ఐదు రకాల పక్షులను తుడిచిపెట్టాయి. 2019లో ఎంతో శ్రమపడి ఎలుకల నిర్మూలన చేపట్టారు. ఎగరలేని వుడ్‌హెన్ అనే గోధుమరంగు పక్షి 1970లలో 30 లోపుకు పడిపోయింది. ఇప్పుడు అది దారి పక్కన తాపీగా తిరుగుతూ కనిపిస్తుంది. అంత కష్టపడి కాపాడుకున్న దీవిలోకి మన బూట్లతో మరో తెగులు వెళ్లకూడదు.

నీళ్లలోకి ఎప్పుడు, ఎక్కడ?

రోజూ పొద్దున్నే గాలి ఎటు నుంచి వీస్తోందో చూడండి. తూర్పుగాలి అయితే పడమటి వైపున్న లగూన్ మంచిది. పడమటి గాలి అయితే తూర్పు వైపున్న నెడ్స్ బీచ్‌కి వెళ్లండి. అక్కడ మోకాలి లోతు నీళ్లలోనే చేపలు కాళ్ల చుట్టూ తిరుగుతాయి, పది బారలు వేస్తే పగడాలు వచ్చేస్తాయి. ఈత అంతగా రానివాళ్లు కూడా లైఫ్ జాకెట్ వేసుకుని, తోడుతో చూడొచ్చు. లగూన్‌లో ఎర్‌స్కాట్స్ హోల్ అనే లోతైన చోటుకి పడవ మీద తీసుకెళ్తారు. మెక్‌కలక్ అనిమోన్ చేప కోసం చూడండి: ముదురు రంగు ఒళ్లు, తెల్లటి తోక. లార్డ్ హోవ్ చుట్టుపక్కల తప్ప దాదాపు ఎక్కడా ఉండదు. పగడాల మీద నిలబడకండి. 2019లో ఇక్కడి పగడాలు కొన్ని వేడికి తెల్లబారాయి, వాటికి మన కాళ్ల దెబ్బ కూడా తోడవకూడదు.

పక్షుల కోసం

ట్రాపిక్‌బర్డ్‌లకు ఉత్తరాన మలబార్ కొండ ఎక్కండి. జత కోసం ఎగిరేటప్పుడు అవి గాలిలో వెనక్కి వెనక్కి గుండ్రంగా తిరుగుతాయి. కళ్లెదుటే, కొన్నిసార్లు మనకంటే కింద! మధ్యాహ్నం ఎండ వీపు వైపు ఉండేలా కూర్చోండి.

పెట్రెల్‌ల కోసం 875 మీటర్ల మౌంట్ గోవర్ ఎక్కాలి. గైడ్ లేకుండా వెళ్లనివ్వరు. తాళ్లు పట్టుకుని ఎక్కే చోట్లు ఉన్నాయి, రోజంతా పడుతుంది. పైకి చేరాక గట్టిగా కేకలేస్తే పెట్రెల్‌లు ఆకాశం నుంచి దిగి కాళ్ల దగ్గర వాలతాయి. మనిషిని చూసి బెదరని ఈ గుణమే, బ్రిటిష్‌వాళ్లు ఖైదీలను ఉంచిన నార్ఫోక్ దీవిలో వాటి ప్రాణం మీదికి తెచ్చింది. 1790లో తిండి లేక అల్లాడిన ఖైదీలు, సైనికులు వాటిని వేలకొద్దీ చంపి తిన్నారు. కాబట్టి పిలవండి, చూడండి, ముట్టుకోవద్దు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కొండ కింద లిటిల్ ఐలాండ్ దారి ఉంది. పెట్రెల్‌లు అక్కడికీ వస్తాయి, వుడ్‌హెన్‌లూ కనిపిస్తాయి.

చీకటి పడే వేళ నెడ్స్ బీచ్‌లో మటన్‌బర్డ్‌లు (నేలలో బొరియలు తవ్వి గూడు కట్టే సముద్రపక్షులు) సముద్రం నుంచి బొరియలకు తిరిగొస్తాయి. టార్చికి ఎర్ర కాగితం కట్టుకుని, కాలిబాట దిగకుండా నిలబడండి. బాట పక్కన అడుగేస్తే బొరియ కూలిపోవచ్చు.

తిరుగు ప్రయాణం

రన్‌వే చిన్నది, కొండల మీది గాలి పెరిగితే విమానం రద్దవుతుంది. హైదరాబాద్ విమానం అదే రోజుకు పెట్టుకుంటే టెన్షన్ తప్పదు. సిడ్నీలో కనీసం ఒక రాత్రి ఆగేలా టికెట్లు చేసుకోండి.