వరద రోజుల్లో తాగునీరు: తేడా ఎక్కడ కొడుతోంది, ఏం చేయాలి

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇళ్ల చుట్టూ ఎటు చూసినా నీళ్లే, తాగడానికి మాత్రం పడవల్లో వచ్చే బాటిళ్ల కోసం ఎదురుచూపులు. అలాంటప్పుడు ఇంట్లో ఉన్న నీళ్లనే బాగు చేసుకోవాల్సి వస్తుంది. ముందు నీళ్లు తేటపడాలి, తర్వాత క్రిములు చావాలి, ఆపైన మళ్లీ చెయ్యి పడకూడదు. ఈ వరస తప్పితే ఎంత క్లోరిన్ పోసినా దండగే.

నీళ్లు ఎర్రగా, మడ్డిగా ఉన్నాయి

ఒండ్రు కలిసింది. క్రిముల దాకా వెళ్లకముందే క్లోరిన్ ఈ బురదకే ఖర్చైపోతుంది. పటిక గడ్డను బిందెలో నాలుగైదు చుట్లు తిప్పి, కదపకుండా వదిలేయండి. మడ్డి అడుక్కి దిగాక పైతేటను మెల్లగా వంచి, నాలుగు మడతల పాత నూలు గుడ్డలో వడకట్టండి. పటికతో తేటపడతాయంతే, క్రిములు చావవు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

గ్యాస్ అయిపోవస్తోంది, ఎంతసేపు కాచాలి?

సలసల మరిగాక ఒక్క నిమిషం చాలు. పావుగంట మరిగించడం గ్యాస్ దండగ.

క్లోరిన్ వేసినా వాసనే లేదు

మందు చాలలేదు, లేదా పాతబడింది. మూత తీసి ఉంచిన బ్లీచింగ్ పౌడర్ గాలికి, తేమకు బలం పోగొట్టుకుంటుంది. మాత్రలైతే ఎన్ని లీటర్లకు ఒకటో స్ట్రిప్ మీద చూడండి. 5 లీటర్లకు ఒకటి, 20 లీటర్లకు ఒకటి అని రకరకాలుగా వస్తాయి. ద్రవ బ్లీచ్ అయితే రంగు, సువాసన కలపనిది, 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్నది లీటరుకు 2 చుక్కలు, మసక నీళ్లకు 4. కలిపి 30 నిమిషాలు ఆగండి. కొద్దిగా వాసన తగలాలి. తగలకపోతే అంతే మోతాదు మళ్లీ వేసి మరో పావుగంట చూడండి. అప్పటికీ లేకపోతే ఆ నీళ్లు పారబోయండి. వాసన ఘాటుగా ఉండి పిల్లలు తాగకపోతే, ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి తిరగపోస్తే తగ్గుతుంది.

కాచిన నీళ్లే తాగుతున్నాం, అయినా విరేచనాలు

బిందె దగ్గర కాసేపు నిలబడి చూడండి. బొటనవేలు గ్లాసు లోపల, మిగతా నాలుగు వేళ్లు బయట, మణికట్టు దాకా ముంచి నీళ్లు తీస్తున్నారు. కాచిన నీళ్లలో క్లోరిన్ ఉండదు కాబట్టి, పడిన క్రిమిని ఆపేదేమీ లేదు. కుళాయి ఉన్న క్యాన్ వాడండి, లేదా పొడుగు కాడ గరిటె పెట్టి దాంతోనే తీయండి. క్యాన్‌ను ముందు సబ్బుతో కడిగి, లీటరు నీళ్లలో చెంచాడు బ్లీచ్ కలిపి లోపలంతా తగిలేలా గిలకొట్టి, అర నిమిషం ఉంచి పారబోసి ఆరనివ్వండి. కాచిన నీళ్లు ఏ రోజువి ఆ రోజే. పళ్లు తోముకోవడానికి, పాలపొడి కలపడానికి, ఓఆర్ఎస్‌కు కూడా ఇవే నీళ్లు. మలంలో రక్తం పడినా, వాంతులు ఆగకపోయినా, పిల్లాడు మగతగా పడి ఉన్నా ఇంట్లో ప్రయోగాలొద్దు, ఆసుపత్రికి వెళ్లండి.

డీజిల్ వాసన, పురుగుమందు వాసన

కాచినా, క్లోరిన్ వేసినా పోదు. తాగొద్దు.

వరద తీసింది, సంపు నీళ్లు వాడొచ్చా?

వాడొద్దు. మురుగు కలిసి ఉంటుంది. కరెంటు మెయిన్ ఆపి నీళ్లన్నీ తోడించి, గోడలు రుద్దించి, మంచినీళ్లతో నింపండి. 1000 లీటర్లకు 150 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్‌ను బకెట్లో కలిపి, పైతేట పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున్నే ఆ నీళ్లు మొత్తం వదిలేసి మళ్లీ నింపుకోవాలి. మూసి ఉన్న సంపులో విషవాయువు ఉండొచ్చు, గాలి ఆడకపోవచ్చు. ముందే మూత తీసి ఉంచినా సరే, మీరు దిగకండి, తాడూ తోడూ లేకుండా ఎవర్నీ దింపకండి.