దసరాకి పాత చెక్క సామాను కొంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

హైదరాబాద్ వాళ్లకి గురువారాలు జరిగే పాత సామాన్ల సంత జుమ్మేరాత్ బజార్ దగ్గరే. కానీ డబ్బు తీసే ముందు:

పురుగు. పందిరి మంచమైనా, భోషాణమైనా తిరగేయించి, కాళ్ల అడుగున, సొరుగుల వెనక టార్చి వేసి చూడండి. సన్నటి చిల్లుల్లోంచి పిండిలాంటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉన్నట్టు. అది మీ ఇంటి గుమ్మాలకీ పట్టొచ్చు. ఎంత చవకైనా వద్దు.

కొత్త పాలిష్‌ని నమ్మొద్దు. సొరుగు బయటికి లాగి, పాలిష్ తగలని అంచు చూస్తే టేకో, పైపొర అతికించిన ప్లైవుడ్డో తెలిసిపోతుంది.

మెట్ల మలుపు, లిఫ్టు, తలుపు కొలతలు రాసుకెళ్లండి. పాత బీరువాలు చాలావరకు ఊడదీస్తేనే లోపలికి వస్తాయి.

విదేశాల్లో ఉన్న పిల్లలకి పంపాలనుకుంటే ఆగండి. నూరేళ్లు దాటిన పురావస్తువుల్ని ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయడాన్ని 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం నిషేధించింది.