ముల్లు సున్నా దగ్గరే ఉంటే: పాత బుల్డోజర్ గేజీలు, గొట్టాలు మార్చడం

ఆయిల్ ప్రెషర్ ముల్లు సున్నా దగ్గర నుంచి కదలడం లేదని ఒకసారి పాత బుల్డోజర్ సంప్ (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పేశాను. పంపు చూశాను, బేరింగులు చూశాను. అన్నీ భేషుగ్గా ఉన్నాయి. మూడో రోజున తేలింది: ఇంజనుకూ గేజీకీ మధ్య ఉన్న సన్న రాగి గొట్టంలో మడ్డి గడ్డకట్టి ఉంది. అప్పటి నుంచి నా మొదటి అనుమానం గొట్టం మీదే.

గేజీ కొనే ముందు ఇంజను బ్లాకు దగ్గర గొట్టం విప్పి, సరిగా పనిచేస్తుందని తెలిసిన మరో గేజీని అక్కడే బిగించి ఇంజను నడపండి. దానిలో ప్రెషర్ కనిపిస్తే ఇంజను నిర్దోషి. కనిపించకపోతే వెంటనే ఆపేయండి, అది వేరే పని. ఉష్ణోగ్రత గేజీకైతే దాని సన్న గొట్టం చివర, ఇంజను నీటిలో మునిగి వేడిని పసిగట్టే బల్బును మరుగుతున్న నీటిలో ముంచితే చాలు, ముల్లు 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో నిలబడాలి.

ప్రెషర్ గేజీ లోపల ఉండేది 1849లో ఫ్రాన్స్‌లో యూజీన్ బూర్డాన్ పేటెంటు పొందిన ఏర్పాటే. వంపు తిరిగిన చదును గొట్టం ఒకటి ఉంటుంది. పిల్లలు ఊదితే విచ్చుకునే కాగితపు బూరలాగే, ప్రెషర్ పెరిగితే అది రవ్వంత విచ్చుకుంటుంది. ఆ కదలికను పళ్ల చక్రాలు ముల్లుకు అందిస్తాయి. ఇంజను ఆపినా ముల్లు సున్నాకు రాకపోతే ఆ గొట్టం ఎప్పుడో సాగిపోయిందన్నమాట. ముల్లు పీకి సున్నా మీద పెట్టి సరిచేశామనుకునేవాళ్లను చూశాను. అది గేజీని బాగుచేయడం కాదు, దానికి అబద్ధం నేర్పడం.

బాగా పాత గేజీల్లో, ముఖ్యంగా రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక యంత్రాల్లో, అంకెలకు రేడియం అనే రేడియోధార్మిక లోహం కలిపిన, చీకట్లో మెరిసే రంగు పూసి ఉండవచ్చు. ఇప్పుడు మెరవడం లేదు కదా అని అద్దం తీసి గీకవద్దు. మెరుపు పోయినా రేడియం పోదు, దాని అర్ధాయువు, అంటే అది సగానికి తరగడానికి పట్టే కాలం, సుమారు 1600 ఏళ్లు.

ఇక పని. ఇంజను చల్లారనివ్వండి. బ్యాటరీకి ఎర్త్ తీగను ముందు విప్పండి. కరెంటును కొలిచే ఆమ్మీటర్ గేజీ వెనుక తీగల్లో ఛార్జింగ్ కరెంటు అంతా పారుతుంది, స్పానర్ తగిలితే నిప్పురవ్వలే. ఉష్ణోగ్రత బల్బు తీసేటప్పుడు నీటిని బల్బు మట్టానికి దిగువ వరకు వదలండి.

గేజీ వెనుక నట్టు విప్పేటప్పుడు రెండు స్పానర్లు కావాలి. ఒకటి గేజీ మెడ దగ్గరి పలకలను పట్టుకోవాలి, రెండోది నట్టును తిప్పాలి. ఒక్క స్పానర్‌తో బలం పెడితే మెడ మెలితిరుగుతుంది, లోపలి గొట్టమూ దానితోనే పోతుంది. కొత్త గేజీ బిగించేటప్పుడూ ఇదే పద్ధతి.

మరచుట్లు సరిచూసుకోండి. ఎనిమిదో వంతు అంగుళం సైజులో అమెరికన్ పైపు మరకు అంగుళానికి 27 చుట్లు, బ్రిటిష్ మరకు 28. చూపుకు కవలల్లా ఉంటాయి. ఒకదాన్ని రెండోదానిలో తిప్పితే ఒకటి రెండు చుట్లు సాఫీగా వెళ్లి బిగుసుకుంటుంది. అక్కడ బలం చూపిస్తే బ్లాకులోని మర చెడుతుంది. స్కేలు కూడా చూడండి: పాత డయల్ చదరపు అంగుళానికి పౌండ్లలో, కొత్తది చదరపు సెంటీమీటరుకు కిలోల్లో ఉంటే, కొత్తదానిలో ఒక కిలో అంటే పాతదానిలో 14.2 పౌండ్లు.

రాగి గొట్టం అదురుడుకు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి వంపుల దగ్గర పగులుతుంది. పాతదాన్ని అతుకుపెట్టవద్దు, మొత్తం మార్చండి. కొత్తది బిరుసుగా అనిపిస్తే బిగించక ముందే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచండి. అదే పని చేస్తే గట్టి ఉక్కు మరింత గట్టిపడుతుంది, రాగి మాత్రం మెత్తబడుతుంది. ఇంజను వైపు రెండు మూడు చుట్లు స్ప్రింగులా తిప్పి వదిలితే అదురుడును అవి మింగేస్తాయి. రేకులోంచి దూరే చోట రబ్బరు బుష్ తప్పదు. సైలెన్సర్ దరికి పోనివ్వకండి, వేడి ఇనుము మీద ఆయిల్ చిమ్మితే మంటే.

టెఫ్లాన్ టేపు బ్లాకులోని పైపు మరకు మాత్రమే, అదీ మొదటి చుట్టు వదిలి. ముక్క తెగి లోపలికి పోతే ఆ సన్న రంధ్రం మూసుకుపోతుంది. గొట్టం చివర నట్టుకు టేపు అక్కర్లేదు, అక్కడ ఆయిల్‌ను ఆపేది గొట్టం చుట్టూ నట్టు బిగించి నొక్కే ఇత్తడి ఉంగరం, ఫెర్రూల్.

ఉష్ణోగ్రత గేజీకి గొట్టాన్ని విడిగా మార్చే వెసులుబాటు లేదు. బల్బు, సన్న గొట్టం, గేజీ మూడూ కలిపి సీలు చేసిన ఒకే వస్తువు. పొడవు ఎక్కువైందని నేనొకసారి కత్తిరించాను, కొత్త గేజీ అక్కడికక్కడే చచ్చింది. మిగిలిన పొడవును వెడల్పుగా చుట్టి క్లిప్పు పెట్టండి.

అంతా బిగించి ఇంజను పూర్తిగా వేడెక్కేదాకా నడిపి ఆపండి. మర్నాడు తెల్ల కాగితంతో ప్రతి నట్టు కిందా తుడవండి. మరక అంటితే కొద్దిగా బిగించండి. అప్పటికీ కారితే ఇంకా బిగించవద్దు, విప్పి ఫెర్రూల్ మార్చండి.