హైపర్‌థైరాయిడ్ ఉందా? గర్భం కోసం ప్రయత్నించే ముందే ఈ జాగ్రత్తలు తీసుకోండి

"నాకు థైరాయిడ్ ఉంది, మాత్ర వేసుకుంటున్నాను" అని చాలామంది ఆడవాళ్లు ఒక్క ముక్కలో చెప్పేస్తారు. ఎక్కువా, తక్కువా అని అడిగితే తడబడతారు. గర్భం విషయంలో ఆ తేడాయే అసలు సంగతి. గ్రంథి తక్కువగా పనిచేసేవారి మాత్ర ఒంట్లో కొరవడిన హార్మోన్‌ను భర్తీ చేస్తుంది. దాన్ని గర్భంలోనూ వాడుతూనే ఉండాలి. ఎక్కువగా పనిచేసేవారి (హైపర్‌థైరాయిడ్ ఉన్నవారి) మాత్ర మాత్రం హార్మోన్ తయారీని అణచివేస్తుంది, మావిని దాటి బిడ్డ దాకా వెళ్తుంది. అందుకే ముందుగా మీ మందుల చీటీ తీసి మాత్ర పేరు చూడండి.

బాగా తింటున్నా బరువు తగ్గడం, గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, నెలసరి తగ్గిపోవడం. ఇవన్నీ ఉన్నా ఏదో టెన్షన్ అనుకుని నెలలు గడిపేస్తుంటారు. ఇవి హైపర్‌థైరాయిడ్ లక్షణాలు కావచ్చు. పిల్లల్ని కనే వయసులో దీనికి ఎక్కువగా కారణమయ్యేది గ్రేవ్స్ వ్యాధి. శరీరం తయారుచేసే యాంటీబాడీలే గ్రంథిని అదేపనిగా ఉసిగొల్పుతాయి. అదుపులో లేకుండా గర్భం వస్తే గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు, బీపీ పెరగడం, బిడ్డ బరువు తక్కువగా ఉండటం వంటి ముప్పులు పెరుగుతాయి.

కాబట్టి రిపోర్టులు కుదుటపడేదాకా గర్భనిరోధకం వాడండి. ఒక్క రిపోర్టు బాగుంటే చాలదు. మందు మోతాదు మార్చకుండా, కనీసం నెల తేడాతో చేయించిన రెండు పరీక్షలూ సాధారణంగా ఉండాలి. టీ4 (థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్) సర్దుకున్నాక కూడా టీఎస్‌హెచ్ (ఆ గ్రంథిని పనిచేయించే హార్మోన్) కొన్ని వారాలు, నెలలు తక్కువగానే ఉండొచ్చు, కంగారుపడకండి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పి, పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి. లేకపోతే జబ్బు లేకున్నా ఉన్నట్టు రిపోర్టు రావచ్చు.

ఏ చికిత్స తీసుకోవాలన్నది పిల్లల్ని ఎప్పుడు కనాలనుకుంటున్నారో చెప్పాకే తేల్చుకోవాలి. మాత్రలు సాధారణంగా 12 నుంచి 18 నెలలు వాడతారు. ఆపాక దాదాపు సగం మందిలో జబ్బు తిరగబెడుతుంది. రేడియో అయోడిన్ (గ్రంథి కణాలను నశింపజేసే రేడియోధార్మిక మందు) తీసుకునే ముందు గర్భం లేదని పరీక్షతో తేల్చుకోవాలి, తర్వాత కనీసం 6 నెలలు ఆగాలి. కళ్లు ఉబ్బడం, ఎర్రబడటం ఉన్నవారికి దీనివల్ల ఆ సమస్య ముదరవచ్చు. గ్రంథిని తీసేసే ఆపరేషన్ అయితే త్వరగా తేలిపోతుంది. కానీ గొంతు నరానికి, కాల్షియంను చూసుకునే చిన్న గ్రంథులకు దెబ్బ తగలకుండా అనుభవమున్న సర్జన్‌తోనే చేయించుకోవాలి.

ఈ రెండు చికిత్సల తర్వాత జరిగే పొరపాటు ఒకటుంది. "నాకు తగ్గిపోయింది, ఇప్పుడు థైరాక్సిన్ (కొరవడిన హార్మోన్‌ను భర్తీ చేసే మాత్ర) వాడుతున్నా" అని పాత జబ్బు మాట గర్భంలో చెప్పరు. గ్రంథి పోయినా యాంటీబాడీలు రక్తంలో మిగిలి ఉండి, బిడ్డ థైరాయిడ్‌ను ఎగదోయగలవు. అందుకే గ్రేవ్స్ ఎప్పుడు వచ్చినా, ఎలా తగ్గినా, గైనకాలజిస్టుకు మొదటి చూపులోనే చెప్పి యాంటీబాడీ పరీక్ష గురించి అడగండి.

ఇక మాత్రల మీదే ఉంటే, హార్మోన్ తయారీని అణచే కార్బిమజోల్, మెథిమజోల్ వల్ల బిడ్డలో లోపాలు వచ్చే ముప్పు ముఖ్యంగా గర్భం 6 నుంచి 10 వారాల మధ్య ఉంటుంది. చాలామందికి గర్భం సంగతి తెలిసేసరికే ఆ గడువు దగ్గరపడుతుంది. అందుకే ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. కొందరికి ప్రొపైల్‌థయోయురాసిల్ అనే మరో మాత్రకు మారుస్తారు. దానిలోనూ కొంత ముప్పు ఉంది, అరుదుగా కాలేయం దెబ్బతింటుంది. తక్కువ మోతాదుతో చాలాకాలం నిలకడగా ఉన్నవారికి మందు ఆపి, తరచూ రక్తపరీక్ష చేస్తూ గమనిస్తారు. నెలసరి తప్పిన వెంటనే పరీక్ష చేసుకోండి, గర్భం అని తేలితే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. ఆపడమైనా, మార్చడమైనా మీ అంతట మీరు చేయొద్దు.

దీనికి ఒకే ఒక్క మినహాయింపు. ఈ మాత్రలు వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుండ్లు వస్తే మాత్ర ఆపి, ఆ రోజే తెల్ల రక్తకణాల పరీక్ష చేయించండి. అరుదుగానైనా ఆ కణాలు ప్రమాదకరంగా పడిపోతాయి, ముఖ్యంగా మొదటి 3 నెలల్లో. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా అంతే, ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఎప్పుడూ థైరాయిడ్ లేనివారికి గర్భం తొలి నెలల్లో టీఎస్‌హెచ్ తగ్గితే అది గర్భం హార్మోన్ ప్రభావం కావచ్చు. వాంతులు ఎక్కువగా ఉన్నవారిలో ఇది మామూలే, దానంతట అదే సర్దుకుంటుంది. దానికి ఈ మాత్రలు అక్కర్లేదు.

గర్భం చివరి నెలల్లో గ్రేవ్స్ నెమ్మదించి, కాన్పయ్యాక మళ్లీ విజృంభించడం తరచూ చూస్తాం. పసిబిడ్డతో నిద్రలేక నీరసం, దడ అని సరిపెట్టుకోకుండా, కాన్పు తర్వాత థైరాయిడ్ పరీక్ష ఎప్పుడు చేయించాలో ఇంటికి వెళ్లేముందే రాయించుకోండి.